దండీలూ, రశీదులూ

పోయిన నెల్లో ఒకరోజు రెండో సంవత్సరం వాళ్ళకు పాఠం ముగించి పుస్తకం మూస్తూంటే, వెనక బెంచీలో కూర్చునే కుర్రవాడొకడు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. హాజరు తక్కువైన వాళ్ళు నిలబడే తీరు ఒకటుంది. తల కాస్త వంచి, ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకొని నిలబడతారు. ఇతడూ అచ్చంగా అలాగే నిలబడ్డాడు. ఏ అక్క పెళ్ళో, ఏ విషజ్వరమో చెప్తాడు కాబోలుననుకొని, "ఎన్నాళ్ళు?" అన్నాను.

"ఏడాది, సార్" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. తరవాత తేలిందేమిటంటే, అతడు చెప్తున్నది సెలవు సంగతి కాదు, జిమ్ము సంగతి.

"శాలిబండ మెయిన్ రోడ్డు మీద ఉన్నది సార్. నెలకైతే వెయ్యి. ఏడాదిది ఒక్కసారే కడితె ఆరు వేలేనంట. ఆఫరు రేపటిదాంకనే. కట్టమంటరా?"

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి జిమ్ము గురించి అడగటమేమిటని మీరు అనుకోవచ్చు. పాత బస్తీలో పాతికేళ్ళ పైబడి ఉంటున్నవాణ్ణి గనక, జిల్లాలనుంచి వచ్చే పిల్లలు అద్దె గదులు, మెస్సులు, పాత పుస్తకాల దుకాణాల గురించి నన్ను అడగటం మా కళాశాలలో ఒక ఆనవాయితీ అయిపోయింది. ఈ పిల్లవాడిది అచ్చంపేట అవతల పల్లె. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు.

"ఆరు వేలు ఎక్కడివయ్యా?" అన్నాను.

"అమ్మ పంపింది సార్. పరీక్ష ఫీజుకు, రూము కిరాయికి. ఫీజుకు ఇంక నెల టైమున్నది గదా!"

వాళ్ళమ్మ పత్తి ఏరే కూలికి పోతుందని నాకు తెలుసు. "ఆదివారం దాకా ఆగు" అన్నాను. ఆఫరు పోతుందన్నాడు. రేపటితో పోయే ఆఫరు ఎల్లుండి మళ్ళీ వస్తుందనీ, దానికి నేను పూచీ అనీ చెప్పి పంపించాను. అంత ధీమాగా చెప్పటానికి నా దగ్గర ఒక ఆధారం ఉంది. మా ఇంట్లో శబ్దరత్నాకరంలో పేజీ గుర్తుగా పెట్టుకొన్న పాత రశీదు అది.

ఆ రశీదు కథ 1999 నాటిది. మాది విజయనగరం వైపు పల్లె. ఆ ప్రాంతంలో పుట్టిన ఏ పిల్లవాడైనా కోడి రామమూర్తి నాయుడు గారి కథలు వినకుండా అన్నం తినడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కసు పెట్టి, ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకొన్న మహానుభావుడు. 1942లో పోయారు. మా తాతగారు ఆ ఏనుగు కథను ఎంత బాగా చెప్పేవారంటే, ఆయన చెప్పినప్పుడల్లా ఏనుగు కాస్త కాస్త పెద్దదయ్యేది. అటువంటి గడ్డమీద పుట్టిన నేను, పందొమ్మిదేళ్ళ వయస్సులో బి.ఏ. చదవటానికి హైదరాబాదు వచ్చి, గౌలిపురాలో మా చిన్నాన్న గారింట్లో దిగేనాటికి, నలభయ్యారు కిలోలు. గాలి గట్టిగా వీస్తే క్లాసులో స్నేహితులు లేచి నన్ను పట్టుకొన్నట్టు నటించేవారు. నవ్వేవాణ్ణి గానీ, రాత్రిపూట నిద్ర పట్టేది కాదు.

సరే, జిమ్ము వెతుక్కొన్నాను. దొరికిందాంట్లో మూడు నిలువుటద్దాలు, ఒక టేప్‌రికార్డరు, కొన్ని ఇనప బిళ్ళలు ఉన్నాయి. నెలకు నూటయాభై, మూడు నెలలకు ఒకేసారి ఇస్తే నాలుగు వందలు. చిన్నాన్న పుస్తకాలకని ఇచ్చిన డబ్బు నాలుగు వందలు సరిగ్గా నా జేబులో ఉంది. యజమాని గులాబీరంగు కాగితంమీద రశీదు రాసి, భుజం తట్టాడు. నాలుగు వారాలు అద్దంలో నన్ను నేను చూసుకొని మురిశాను. అయిదో వారం సోమవారం పొద్దున వెళ్తే షట్టరు దించి ఉంది. మంగళవారమూ అంతే. పక్కనున్న కిరాణా దుకాణంవాడు తలెత్తకుండానే, "ఖాళీ కర్ దియే" అన్నాడు. నాలాగే రశీదులు పట్టుకొని మరో అయిదారుగురు నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేక ఎవరి దారిన వాళ్ళం పోయాము. ఆ సెమిస్టరు పుస్తకాలు స్నేహితుల దగ్గర అడుక్కొని చదివాను. ఇంట్లో ఇప్పటివరకు చెప్పలేదు. మా చిన్నాన్న ఈ పత్రిక చదువుతారు. ఇవాళ తెలుస్తుంది.

తరవాత వీధి చివర పంక్చర్లు వేసే పెద్దాయన నన్ను రెండు గల్లీలు తిప్పి, ఒక కమాను కింద నుంచి తీసుకువెళ్ళి, తాలీంఖానా గుమ్మం ముందు వదిలిపెట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం మాస్టరు బుద్ధి పోనిచ్చుకోలేను, క్షమించాలి. మనవైపు సాము గరిడీలు అంటాం. హైదరాబాదులో కుస్తీ నేర్పే చోటును తాలీం అంటారు. అరబ్బీలో తాలీమంటే బోధన, అంటే సాక్షాత్తూ చదువు చెప్పటమే. తాలీంఖానా అంటే చదువు చెప్పే ఇల్లు! అటు జిమ్నాజియం అన్న మాట గ్రీకులది. దిగంబరంగా సాధన చేసే చోటని దాని అర్థం. (మన లంగోటీవాళ్ళు ఎంతో నయం.) ఆ గ్రీకు జిమ్నాజియంలోనే పిల్లలకు తత్త్వశాస్త్రమూ చెప్పేవారు. జర్మనీలో ఈనాటికీ జిమ్నాజియమంటే హైస్కూలే. జర్మనీ కుర్రవాడు జిమ్నాజియానికి పోతున్నానంటే లెక్కలు చేయటానికి పోతున్నాడన్నమాట.

మా తాలీంఖానాలో ఒక పెంకుటి చావడి, మధ్యలో గోదా, గోడకు ఆనించిన కర్ర ముద్గరాలు నాలుగు జతలు, మూలన నీళ్ళ కుండ ఉండేవి. అద్దం లేదు. ఉస్తాదుకు అప్పటికే అరవై దాటాయి. నేను సలాము చెయ్యగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "క్యా ఖాతే బేటా?"

పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పులుసన్నం, రాత్రి చారన్నం అని నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను.

"ఔర్?"

"మజ్జిగ" అన్నాను.

ఆయన కాసేపు నావైపు జాలిగా చూశాడు. గుప్పెడు శనగలు రాత్రి నానబెట్టి పొద్దున తినమన్నాడు. స్తోమతు ఉంటే పాలు తాగమన్నాడు. బాదంపప్పుల మాట ఎత్తి, నా చెప్పులు చూసి, మానేశాడు. తరవాత చేతికి పార ఇచ్చాడు.

రెండు వారాలు నేను చేసింది మట్టి తవ్వటమే. గోదా మట్టిని రోజూ తిరగతవ్వాలి. లేకపోతే గట్టిపడి, పడినవాడి ఎముక విరుగుతుంది. అందులో నూనె, పసుపు, మజ్జిగ కలుపుతారు. మజ్జిగ నేను తాగేదానికంటే మట్టి తాగిందే ఎక్కువ. అరచేతులు బొబ్బలెక్కాయి. నేర్పించటానికి ముందు నాచేత చాకిరీ చేయిస్తున్నాడనుకొని లోలోపల విసుక్కొన్నాను. పదిహేనో రోజున బస్కీలు మొదలుపెట్టించినప్పుడు, నడుమూ భుజాలూ సహకరించటం చూసి తెలిసింది, ఆ తవ్వటమే మొదటి పాఠమని. ఆయన ఉర్దూలో లెక్కపెట్టేవాడు. ఈనాటికీ నాకు ఉర్దూ అంకెలు యాభై దాకానే వచ్చు. నేను తీసిన బస్కీలు అంతవరకే.

రుసుం నెలకు పది రూపాయలు. గోదాలో పోసే నూనెకు. లేనివాడు ఇవ్వక్కర్లేదు, కానీ తవ్వాలి.

చిన్నాన్న మాత్రం బెంబేలెత్తిపోయారు. "పహిల్వాన్ల సావాసమా?" అన్నారు. ఆయన్నీ తప్పుపట్టలేము. పాత బస్తీలో పహిల్వాను అన్న మాటకు మల్లయోధుడన్న అర్థంతోపాటు, స్థలాల తగాదాలు తీర్చేవాడూ, అద్దెవాళ్ళను ఖాళీ చేయించేవాడూ అన్న అర్థం ఎప్పుడో వచ్చి చేరింది. కండ పెంచినవాడికి కూడు ఎవరు పెడతారన్న ప్రశ్నకు రాజులూ నవాబులూ పోయాక ఊరు చెప్పుకొన్న సమాధానాల్లో అదొకటి. మా ఉస్తాదు దీన్ని ఎరిగినవాడు. వీధిలో చెయ్యెత్తినవాడు మళ్ళీ గోదాలో కాలు పెట్టకూడదన్నది ఆయన శాసనం. ఒకసారి తన మేనల్లుణ్ణే గుమ్మంలోంచి తిప్పి పంపటం నేను చూశాను. మొత్తంమీద ఏడాదిలో ఏడు కిలోలు పెరిగాను. కుస్తీ ఒక్కటీ గెలవలేదు. ఎన్ని రకాలుగా వెల్లకిలా పడవచ్చునో మాత్రం నాకు తెలిసినంతగా ఏ తెలుగు ఎం.ఏ.కీ తెలియదు.

ఇక ఆదివారం సంగతి. పొద్దున ఆరు గంటలకు మా కుర్రవాడూ, వాడి వెనక గదిలోని మిగతా ముగ్గురూ వచ్చారు. ముందుగా నా పాత తాలీంఖానాకే తీసుకువెళ్ళాను. ఉస్తాదు పోయి చాలా ఏళ్ళయింది. చావడి ఇప్పుడు గాజుల అట్టపెట్టెల గోదాము. లోపల గచ్చు చేశారు. కాపలావాడు ఏం కావాలన్నాడు. ఏమీ అక్కర్లేదని వచ్చేశాము.

తరవాత ఆరు వేల జిమ్ము. బ్రహ్మాండంగా ఉంది. చల్లగాలి, ఎర్రదీపాలు, పరుగెత్తే పట్టాలు. గోడమీద ఉన్న కండల మనుషుల బొమ్మల్లో ఒక్కడికీ మెడ లేదు. నేను మూడు మాటలు అడిగాను. ఒకరోజు ఊరికే చేసి చూడవచ్చునా? నెలనెలా కట్టవచ్చునా? ఈ పిల్లవాడు వచ్చే వేళకు నేర్పేవాడు ఎవరు? మొదటిదానికి సరేనన్నారు. రెండోదానికి మొహం ముడుచుకొన్నారు. నేర్పేవాడు కావాలంటే దానికి వేరే రుసుమట! అంటే ఆరు వేలు గాలికీ, దీపాలకీ, అద్దాలకీ. ఇంతలో ఒక యువకుడు బల్లమీద పెద్ద డబ్బా పెట్టి, ఈ పొడి నెలకొకటి వాడితే గాని ఒళ్ళు రాదన్నాడు. దాని ధర మావాడి గది అద్దెకంటే ఎక్కువ.

ఈ పొడి సంగతి కాస్త చెప్పాలి. మన ఊళ్ళోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై 1958లో హైదరాబాదు వచ్చింది. మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని వాళ్ళ లెక్క. అరవై కిలోల కుర్రవాడికి యాభై గ్రాములన్నమాట. ఒళ్ళు వంచేవాడికి కాస్త ఎక్కువే వేసుకోండి. కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. వంద గ్రాముల శనగల్లో ఇంచుమించు ఇరవై, పల్లీల్లో పాతిక. కండలకోసం ఈ డబ్బాలు వాడవద్దని 2024లో ఆ సంస్థ వెలువరించిన ఆహార సూత్రాల్లో స్పష్టంగానే రాశారు. మా ఉస్తాదు నిశాని మనిషి. ఆయన ఆ పుస్తకం చదివి ఉండడు.

పొడితో ఆగితే ఇంకా నయమే. శస్త్రచికిత్సలప్పుడు పడిపోయిన రక్తపోటు నిలబెట్టటానికి డాక్టర్లు వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ములకు పోయే కుర్రవాళ్ళకు దొంగతనంగా అమ్ముతూ హైదరాబాదులో మనుషులు పట్టుబడిన వార్తలు ఈ మధ్య పత్రికల్లో చూశాము. గుండెతో ఆటలాడటమది. ఈ మాట నలుగురు కుర్రవాళ్ళకూ వీధి మధ్య నిలబెట్టి చెప్పాను. ఒకడు నేల చూశాడు. వాణ్ణి మళ్ళీ ఒంటరిగా పిలిచి మాట్లాడాను. ఆ సంగతి ఇక్కడ రాయను.

మూడో చోటు హుస్సేనీ ఆలం వైపు ఒక గల్లీలో దొరికింది. సగం తాలీం, సగం జిమ్ము. ఒక పక్క మట్టి, ఒక పక్క తుప్పు రాలుతున్న ఇనుము. నెలకు నాలుగు వందలు, చేరటానికి వేరే రుసుం లేదు. నేర్పేవాడికి ముప్ఫయ్యేళ్ళుంటాయి. మావాణ్ణి పైనుంచి కిందికి చూసి, "ఏం తింటవ్ తమ్మీ?" అన్నాడు.

నేను గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకొన్నాను.

రెండో ప్రశ్న నేను అడగవలసింది, అడగలేదు. అతడు అడిగాడు. "దేనికోసరం చేస్తవ్?"

"కానిస్టేబులు పరీక్షకన్నా."

అతడు పకపకా నవ్వి, "మరి ఈడికెందుకొచ్చినవ్? పోయి ఉరుకు!" అన్నాడు. నిజమే సుమండీ. తెలంగాణలో 2022 నాటి నియామకాల్లో మగవాళ్ళు 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో పరుగెత్తాలన్నారు. ఆపైన నాలుగు మీటర్లు దూకాలి, 7.26 కిలోల ఇనపగుండును ఆరు మీటర్లు విసరాలి. అద్దం ముందు నిలబడి చెయ్యి మడిస్తే పరుగు రాదు. వారానికి మూడు రోజులు భుజాలకూ తొడలకూ ఇక్కడికి రమ్మనీ, మిగతా రోజులు సిటీ కాలేజీ దగ్గరి కులీ కుతుబ్ షా స్టేడియంలో పరుగెత్తమనీ, అతడే లెక్క వేసి ఇచ్చాడు. కట్టవలసిన డబ్బు తగ్గించుకొనే సలహా ఇచ్చిన వ్యాపారిని నేను పాత బస్తీలో తప్ప చూడలేదు.

తిరుగు దారిలో పిల్లలు బార్కాస్ గురించి అడిగారు. అక్కడ ఇంటికొక కండల వీరుడు ఉంటాడట గదా అని. ఇంటికొకడు కాకపోయినా, ఆ పేటకు ఆ పేరుంది. నిజాం కొలువులో సైనికులుగా చేరటానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బారకాసులవి. ఆ మాటే బార్కాస్ అయింది. వాళ్ళ పొద్దుటి ఫలహారం హరీసు, గోధుమలూ మాంసమూ గంటలకొద్దీ ఉడికించి మెదిపింది. అక్కడి జామకాయలూ ప్రసిద్ధమే. "బస్సుచార్జీ పెట్టుకొని పోయి హరీసు తిని రండి, కానీ రోజూ పోతే జిమ్ము మిగల్దు" అన్నాను.

ఇంతటితో ఈ వారం శీర్షిక అయిపోవలసింది. సోమవారం నేనీ ఆదివారపు యాత్ర సంగతి క్లాసులో కాస్త గొప్పగా చెప్పుకొంటూంటే, ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"మరి మాకేది సార్?"

ఆ అమ్మాయిది మొగల్‌పురా. తను చూసి వచ్చిన జిమ్ముల లెక్క వరసగా చెప్పింది. ఒకచోట ఆడవాళ్ళ వేళలు పగలు పదకొండు నుంచి నాలుగు దాకా. అప్పుడు తను కళాశాలలో ఉంటుంది. ఆడవాళ్ళకే ప్రత్యేకమైనది ఇంకొకటుంది గానీ, దాని ఫీజు రెట్టింపు. ఉదయం మైదానంలో పరుగెత్తుదామంటే, మగపిల్లలు పరుగాపి చూస్తారు. చీకటిపడ్డాక నాన్న పంపడు. పోలీసు పరీక్షలో ఆడవాళ్ళూ 800 మీటర్లు అయిదు నిమిషాల ఇరవై సెకన్లలో పరుగెత్తాలి. నాలుగు కిలోల గుండు విసరాలి. ఆ అంకెలు ఆ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. నలుగురు మగపిల్లల్ని వెంటేసుకొని మూడు గల్లీలు తిరిగినవాణ్ణి, ఒక ఆడపిల్ల ఎక్కడికి పోతుందని ఒక్కసారీ అనుకోలేదు. సమాధానం చెప్పలేక గంట కోసం ఎదురు చూశాను.

మధ్యాహ్నం స్టాఫు గదిలో ఈ మాట అంటూంటే, టీ తెచ్చిన మా అటెండరు, "మన కాలేజీల జిమ్మున్నది గద సార్" అన్నాడు.

ఉంది! రికార్డుల గది పక్కన, ఎప్పుడో గ్రాంటు వచ్చినప్పుడు కొన్నది. పదిహేనేళ్ళుగా ఆ తలుపు ముందునుంచి నేను రోజూ నడుస్తున్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. రెండు రోజులు వెతికి, చివరికి ప్రిన్సిపాలుగారి అనుమతితో తాళం కోయించాము. లోపల నాలుగు వైపులా కూర్చుని చేసే యంత్రం ఒకటి, దానిమీద పాత జవాబు పత్రాల కట్టలు. డంబెల్సు రెండు, ఒకటి అయిదు కిలోలది, రెండోది ఏడున్నర. కప్పీలకు గ్రీజు పెట్టించటానికి నూట ఎనభై రూపాయలయింది. దుకాణంవాడు రశీదు ఇచ్చాడు. దాన్నీ నిఘంటువులో పెట్టుకొన్నాను.

ఇప్పుడు పొద్దున ఎనిమిదింబావు నుంచి తొమ్మిదింబావు వరకు ఆడపిల్లలు, సాయంత్రం నాలుగు తరవాత మగపిల్లలు. మొదటిరోజు తొమ్మిదిమంది అమ్మాయిలు వచ్చి, ముందు ఆ జవాబు పత్రాల కట్టలు మోసి బయటపెట్టారు. మూడు గంటల పని గంటలో చేశారు. అచ్చంపేట పిల్లవాడు పరీక్ష ఫీజు కట్టిన రశీదు తెచ్చి చూపించాడు. పదహారు వందల మీటర్లు మొదట ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు పట్టింది, ఇప్పుడు ఏడూ యాభైకి వచ్చాడు. మొగల్‌పురా అమ్మాయి నిన్న నా బల్ల దగ్గరకు వచ్చి, నాలుగు కిలోల ఇనపగుండు ఒకటి కావాలని, ధర కనుక్కొని రాసిన కాగితం నా చేతిలో పెట్టింది.